రెండో తూటా ఎక్కడ నుంచి వస్తుంది: మౌజర్ యాక్షన్ కథ

ఈ వారం రాసింది కొంచెం పొడుగైంది. కాఫీ పక్కన పెట్టుకొని తీరిగ్గా చదవండి.

మన బళ్లారి, సండూరు, రాయదుర్గం, ఆలూరు వైపు పాత ఇళ్లలో తాతల నాటి వేట రైఫిళ్లు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించారు. అంతకుముందు ఒక లైసెన్సుదారు దగ్గర మూడు తుపాకులదాకా ఉండొచ్చు. సవరణ తరువాత రెండే. మూడోదాన్ని ఏడాదిలోగా పోలీసు ఠాణాలోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో జమ చెయ్యమన్నారు. ఏది ఉంచుకోవాలి, ఏది ఇచ్చెయ్యాలి? కొయ్య మెరిసేదాన్ని, వెండి చెక్కుడు ఉన్నదాన్ని ఉంచుకొని, నల్లబడ్డ పాత రైఫిలును ఇచ్చెయ్యాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ నల్లబడ్డదాని కడుపులో ఏముందో ముందు తెలుసుకుంటే బాగుండు గదా అని ఈ వ్యాసం.

మాకు తుపాకీ లేదు, లైసెన్సు లేదు, పెట్టుకోవాలన్న కోరికా లేదు. రైల్వేలో గుమాస్తాగా కాగితాలు రాసి రిటైరైన వాళ్లం. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం, ఉద్యోగంలో చేరాక కన్నడం. తుపాకి అన్న మాట మాత్రం ఈ మూడు చోట్లా దాదాపు ఒకటే. టర్కీ భాష నుంచి నడిచి వచ్చిన మాట అంటారు. తమిళ లిపిలో ప, బ రెండింటికీ ఒకటే అక్షరం కాబట్టి చిన్నప్పుడు బోల్టును పోల్టు అని చదివిన బాపతు మేము. ఈ వ్యాసంలో ఆ పోల్టే కథానాయకుడు.

వేట రైఫిలు అంటే మూడు భాగాలనుకోండి. గుండు పోయే గొట్టం. భుజానికి ఆనించే కొయ్య. ఈ రెండింటి నడుమ తూటాను లోపలికి తోసి, తలుపు బిగించి, పేల్చి, ఖాళీ ఇత్తడి తొడుగును బయటికి లాగే యంత్రం. ఆ యంత్రాన్నే యాక్షన్ అంటారు. దొరలూ జమీందార్లూ తమ కొలతలకు రైఫిలు కట్టించుకునే రోజుల్లో లండన్ పనివాడు మొదట తేల్చుకునేది యాక్షన్ ఏదన్న సంగతే. గొట్టం అరిగితే మార్చవచ్చు, కొయ్య పగిలితే వాల్‌నట్ దుంగలోంచి కొత్తది చెక్కవచ్చు. యాక్షన్ మారిస్తే అది వేరే రైఫిలే. వర్క్‌షాపుల్లో పాత పెట్టెకు సీట్లు మార్చి, రంగు వేసి, కిటికీలు మార్చి కొత్త పెట్టె అని పంపుతారు. అండర్‌ఫ్రేమ్ మాత్రం ఏ బరువుకు కట్టారో ఆ బరువుకే. ఇదీ అంతే.

కొనే మారాజు అడిగేది ఎంత పెద్ద తూటా, ఎంత దూరం అని. అనుభవం ఉన్న వేటగాడు అడిగేది వేరు. మొదటి దెబ్బ తగిలి, జంతువు చావకుండా మీదికి వస్తుంటే, రెండో తూటా తప్పకుండా గదిలోకి వస్తుందా? అంతే. ఎలుగుబంటి అయినా చిరుత అయినా పొదలోంచి దూకితే మధ్యలో ఉండేది రెండు మూడు సెకన్లు. ఆ సెకన్లలో మనిషి చెయ్యి మామూలుగా పని చెయ్యదు. బోల్టు సగం తోసి వెనక్కి లాగుతాడు, మళ్లీ తోస్తాడు. అప్పుడు యంత్రం ఏం చేస్తుందన్నదే యాక్షన్ ఎంపికలో మొత్తం ప్రశ్న.

ఇది మాకు బోధపడింది రైల్వే టోకెన్ వల్లే. పాత సింగిల్ లైన్లలో నీల్స్ బాల్ టోకెన్ మిషన్లు ఉండేవి. రెండు స్టేషన్ల మధ్య బండి పోవాలంటే డ్రైవరు చేతికి ఒక ఇనుప గోళీ ఇవ్వాలి. ఆ గోళీ బయట ఉన్నంతసేపు ఈ పక్క మిషనూ ఇంకోటి ఇవ్వదు, ఆ పక్క మిషనూ ఇవ్వదు. స్టేషన్ మాస్టరుకు నిద్ర వచ్చినా, కంగారు వచ్చినా, ఒక సెక్షన్లో రెండు బండ్లు దూరే వీలు లేదు. మనిషి మంచితనం మీద ఆధారపడకుండా ఇనుములోనే ఆ నియమాన్ని పెట్టారు.

రైఫిళ్లలో ఆ పని చేసిందాన్ని జర్మనీలో నెకర్ నది ఒడ్డున ఓబర్న్‌డార్ఫ్ అనే ఊళ్లో పాల్ మౌజర్ కట్టాడు. జర్మన్ సైన్యం దాన్ని 1898లో తీసుకుంది. అందుకే దాన్ని మౌజర్ 98 అంటారు. దాని బోల్టు పక్కన పొడుగాటి ఉక్కు గోరు ఒకటి ఉంటుంది. బోల్టును తోసినప్పుడు తూటా పెట్టెలోంచి పైకి లేస్తూనే దాని అడుగు అంచు ఆ గోరు కిందికి జారి చిక్కుకుంటుంది. అక్కడ నుంచి ఆ తూటా గోరు చేతిలోనే ఉంటుంది. సగంలో వెనక్కి లాగారా, ఆ తూటా కూడా వెనక్కి వచ్చి బయట పడుతుంది. తల కిందులుగా పట్టుకున్నా జారదు. మొదటిది బయటికి పోనిదే రెండోది లోపలికి రాదు. మా గోళీ లెక్కే.

దీనికి ఎదురు పద్ధతి కూడా ఉంది. తరువాతి కాలంలో అమెరికా కంపెనీలు చవగ్గా తయారు చెయ్యడానికి ఎక్కువగా దాన్నే పట్టుకున్నాయి. అందులో బోల్టు తూటాను ఊరికే ముందుకు నెడుతుంది. తలుపు పూర్తిగా బిగిసినప్పుడే చిన్న కొక్కెం అంచును పట్టుకుంటుంది. కంగారులో బోల్టును పూర్తిగా బిగించకుండా వెనక్కి లాగితే మొదటి తూటా గదిలోనే ఉండిపోతుంది. మళ్లీ తోస్తే రెండో తూటా ముక్కు పోయి మొదటిదాని వీపును గుద్దుతుంది. ఒక సెక్షన్లో రెండు బండ్లు. ఎదురుగా జంతువు. జింకను కొట్టేవాడికి ఇందులో పెద్ద నష్టం లేదు, గురి కూడా బ్రహ్మాండంగా ఉంటుంది. ప్రాణాపాయం ఉన్న వేటకు కట్టించేవాళ్లు మాత్రం నూరేళ్లు దాటినా మౌజర్ గోరునే అడుగుతున్నారు.

మౌజర్‌లో ఇంకా మంచి సంగతులున్నాయి. బోల్టు మొన దగ్గర రెండు ఉక్కు చెవులు గొట్టం వెనుక గాళ్లలో తిరిగి బిగుస్తాయి. వెనుక మూడో చెవి ఒకటి, ఆ రెండూ విరిగితే ఆపద్ధర్మంగా. ఇత్తడి పగిలి వాయువు వెనక్కి తన్నితే కంటిలోకి రాకుండా పక్కకు పోయే రంధ్రాలు. తొడుగును బయటికి కొట్టేది గట్టి ఉక్కు ముక్క. గుమాస్తా బుద్ధికి ఇది బాగా నచ్చుతుంది.

లోపాలూ ఉన్నాయి. తూటాను నేరుగా గదిలో పడేసి బోల్టు మూస్తే గోరు అంచు మీదికి ఎక్కడానికి ఇష్టపడదు, బలవంతం చేస్తే విరగవచ్చు. పెట్టెలోంచే పెట్టాలి. సైన్యం కోసం చేసిన సేఫ్టీ మీట నిటారుగా పైకి లేస్తుంది, టెలిస్కోపు పెడితే అడ్డం. ట్రిగ్గరు రెండు మెట్లుగా లాగాలి. కట్టించుకునేవాడు ఇవన్నీ మార్పించుకుంటాడు. గోరును మాత్రం ఎవడూ మార్చడు.

ఇప్పుడు మన ఊరి సంగతికి వద్దాం. బళ్లారిలో రెండే కాలాలు, ఎండాకాలం, ఇంకా ఎండాకాలం అని మనమే చెప్పుకుంటాం గదా. ఈ ఎండకూ యాక్షన్‌కూ సంబంధం ఉంది. ఆ కాలంలో ఇంగ్లీషు తూటాల్లో కార్డైట్ అనే మందు, సేమియా పోగుల్లా ఉండేది, నింపేవాళ్లు. వేడి పెరిగితే దాని ఒత్తిడి బాగా పెరిగేది. లండన్ చలిలో సరిగ్గా పేలిన తూటా ఏప్రిల్ మధ్యాహ్నం ఇక్కడ పేలిస్తే ఇత్తడి తొడుగు ఉబ్బి గది గోడలకు అతుక్కుపోయేది. తూటా పేలింది, తొడుగు రాదు, ఇక రైఫిలు చేతిలో రోకలిబండే. అందుకే ఇండియాకు పంపే రైఫిళ్లకు మందు తగ్గించిన ట్రాపికల్ తూటాలని వేరే చేసేవాళ్లు. తొడుగును పెద్దది చేసి, లోపల మందుకు చోటు ఎక్కువ ఇచ్చి, ఒత్తిడి తక్కువ ఉండేటట్టు కట్టిన తూటాలు వచ్చింది కూడా ఈ భయంతోనే. 1911లో వచ్చిన .416 రిగ్బీ అటువంటిది. మౌజర్ బోల్టు పిడిని పైకెత్తగానే ఏటవాలు ఉక్కు మీద జారి, లాగడానికి ముందే తొడుగును కాస్త సడలిస్తుంది. ఆ తరువాత గోరు వెడల్పుగా అంచును పట్టి లాగుతుంది. వేడి దేశాల్లో దీనికి పేరు వచ్చిందంటే గురి వల్ల కాదు, ఈ లాగుడు వల్ల.

మౌజర్ ఒక్కటే దారి అని అనుకోకండి. డబ్బున్నవాళ్ల మొదటి ఎంపిక జంట గొట్టాల రైఫిలు. రెండు గొట్టాలు, రెండు తాళాలు, ఒకటి చెడినా రెండోది పేలుతుంది. రెండో తూటా ఎక్కడ నుంచో రానక్కర్లేదు, అది అప్పటికే లోపల ఉంది. హాలండ్, పర్డీ, వెస్ట్‌లీ రిచర్డ్స్ వాళ్ల జంట రైఫిళ్లు నిజాం మొదలుకొని సంస్థానాధీశులంతా తెప్పించుకున్నవే. మద్రాసు మౌంట్ రోడ్డులో గడియారాలకు పేరుపడ్డ పి. ఆర్ అండ్ సన్స్ కూడా ఒకప్పుడు తుపాకులు అమ్మింది. గడియారమూ తుపాకీ ఒకే కొట్లోనా అని ఆశ్చర్యం వద్దు, రెండూ చిన్న స్ప్రింగుల పనే.

ఈ జంట రైఫిళ్ల చరిత్రలో మన దేశం పేరు మీద ఒక పెద్ద మలుపు ఉంది. అప్పటిదాకా పెద్ద వేటకు .450 తూటాదే రాజ్యం. సైన్యం వాడి వదిలేసిన మార్టిని హెన్రీ తుపాకులు కూడా అదే బోరు. వేటగాళ్ల తూటాలు దొంగచాటుగా తిరుగుబాటుదారుల మార్టినీలకు చేరతాయని సర్కారుకు భయం పట్టుకుంది. 1907లో ఇండియాలోనూ సూడాన్‌లోనూ .450 బోరును నిషేధించారు. రాత్రికి రాత్రి లండన్ కంపెనీలన్నీ కొంచెం అటూ ఇటూగా కొత్త తూటాలు పుట్టించాయి. .465, .470, .475, .476. ఏనుగు చర్మం 1907లో ఏమీ మందం కాలేదు. గుండు సైజు మారింది చట్టం వల్ల. ఈ తూటాలతో ఆఫ్రికాలో ఏనుగుల్ని కొట్టినవాళ్లలో ఎందరికి తెలుసో, ఆ సైజు వెనుక మన దేశంలో ఒక దొరతనం భయం ఉందని.

ఆ భయం అంతకుముందు నుంచీ ఉన్నదే. 1878లో లిట్టన్ దొర తెచ్చిన ఆయుధాల చట్టం ప్రకారం ఇండియన్‌కు లైసెన్సు కావాలి, యూరోపియన్‌కు అక్కర్లేదు. అంటే ఏ యాక్షన్ మంచిది అన్న ప్రశ్న ఎవరికి వచ్చేది? దొరకు, రాజాకు, కొందరు పెద్ద రైతులకు. మిగతావాళ్లకు పంట కాపలాకు నోట్లోంచి మందు కూరే నాటు తుపాకీ దొరికితే అదే భాగ్యం. దానికి ఒకటే దెబ్బ. రెండోది కూరడానికి అర నిమిషం పైనే. పంది మీదికి వస్తే చెట్టు ఎక్కడమే యాక్షన్.

1902లో వైస్రాయి కర్జన్ దొర నిజాం రాజ్యానికి వచ్చి వరంగల్లు వైపు నెక్కొండ దగ్గర పులిని కొట్టాడు. లాలా దీన్‌దయాళ్ తీసిన ఫొటో ఇప్పటికీ కనిపిస్తుంది, దొర, దొరసాని, ముందు పడి ఉన్న పులి. అడవిని చుట్టుముట్టి డప్పులు కొట్టి పులిని తోలేవాళ్లు ఇటువంటి ఫొటోల్లో నడిమధ్యన ఉండరు. రైఫిల్లో రెండో తూటా ఇరుక్కుంటే పులి మొదట చేరేది మంచె మీదున్న దొర దగ్గరికి కాదు. నేల మీద కర్రతో నిలబడ్డవాడి దగ్గరికి. తుపాకీ పుస్తకాలు యాక్షన్ నమ్మకం గురించి పేజీలకు పేజీలు రాస్తాయి. ఆ నమ్మకం ఎవరికి ఎక్కువ అవసరమో రాసినవి మేము చదివినవాట్లో తక్కువ.

మౌజర్ దగ్గరికి తిరిగి వద్దాం. జంట రైఫిలు ధరలో కొంత భాగానికే మౌజర్ యాక్షన్ మీద కట్టిన రైఫిలు వచ్చేది. పైగా పెట్టెలో నాలుగైదు తూటాలు. 1907లోనే ఉత్తరాన చంపావత్ నరభక్షకిని చంపిన జిమ్ కార్బెట్‌కు సర్కారు బహూకరించింది .275 రిగ్బీ రైఫిలు, మౌజర్ యాక్షన్ మీద కట్టింది. .275 అన్నది ఇంగ్లీషు పేరు, తూటా మాత్రం మౌజర్ వాళ్ల 7 మిల్లీమీటర్లదే. జర్మన్ తూటా అంటే లండన్‌లో అమ్ముడుపోదని పేరు మార్చారనుకుంటాం మేము.

ఇక్కడే కొలతల చిక్కు. సైన్యం కోసం కట్టిన మామూలు మౌజర్ తూటా పెట్టె పొడవు దాదాపు 84 మిల్లీమీటర్లు. జర్మన్ సైనిక తూటా 82, కాబట్టి హాయిగా పడుతుంది. 1905లో ఒట్టో బాక్ అనే బెర్లిన్ తుపాకీ పనివాడు ఆఫ్రికాలో స్థిరపడ్డ జర్మన్ రైతుల కోసం 9.3 మిల్లీమీటర్ల తూటా చేశాడు. దాని పొడవు 84 లోపే ఉండేటట్టు చూశాడు. చవక మిలిటరీ యాక్షన్‌లోనే పట్టాలి గదా, రైతు కొనేది. మాకు ఈ కథ మొత్తంలో ఎక్కువ ఇష్టమైన మనిషి ఈయనే.

ఇంగ్లీషువాళ్లు అటువంటి పొదుపు చూడలేదు. 1912లో వచ్చిన .375 హాలండ్ తూటా 91 మిల్లీమీటర్లు దాటుతుంది. .404 జెఫ్రీ దాదాపు 90. .416 రిగ్బీ 95. ఇవి మామూలు మౌజర్‌లో పట్టవు. పట్టించాలంటే పెట్టెను పొడిగించి, తూటా పైకెక్కే ఉక్కు వాలును ముందువైపు కోయాలి. ఆ వాలు ఉన్నది ఎక్కడ? బోల్టు కింది చెవి ఆనుకునే గోడకు సరిగ్గా వెనుక. పేలినప్పుడు తన్నే దెబ్బంతా మోసేది ఆ గోడే. గోడను కోసి గది పెద్దది చేసినట్టు. జాగ్రత్త ఎరిగిన పనివాడు .375కు కొంతవరకు కోసి మంచి రైఫిళ్లే ఇచ్చాడు. చేతకానివాడు కోసినవి కొన్నేళ్లకు బోల్టు వెనక్కి దిగబడి పనికి రాకుండా పోయాయి.

అందుకే మౌజర్ కంపెనీ పెద్ద తూటాలకు పొడుగు యాక్షన్ వేరే చేసింది. దాన్నే మాగ్నం మౌజర్ అంటారు. దాన్ని అడిగి చేయించుకున్నవాళ్లలో ముందువాడు లండన్ రిగ్బీ. ఇంగ్లండులో మౌజర్ సరుకుకు 1912దాకా ఏజెంటు కూడా ఆ కంపెనీయే. రిగ్బీ .416కు పునాది ఈ మాగ్నం యాక్షనే. అయితే వీటిని ఎక్కువ చెయ్యలేదు. 1914లో యుద్ధం వచ్చింది. లండన్ తుపాకీ కంపెనీకి కావలసిన యాక్షన్ శత్రువు ఊళ్లో తయారవుతోంది! యుద్ధం తరువాత మళ్లీ కొంతకాలం నడిచింది. రెండో యుద్ధంతో పూర్తిగా ఆగింది. 1945లో ఓబర్న్‌డార్ఫ్ ఫ్రెంచివాళ్ల చేతికి వచ్చింది, ఫ్యాక్టరీ యంత్రాలను విప్పేశారు.

ఆ కరవులో కట్టేవాళ్లు ఏం చేశారు? కొందరు బెల్జియం ఎఫ్.ఎన్. కంపెనీ మౌజర్ యాక్షన్లు తెప్పించుకున్నారు. ఫ్రాన్సులో బ్రెవెక్స్ అని మాగ్నం మౌజర్ నకలు కొంతకాలం చేశారు. 1960లలో చెకోస్లొవాకియా నుంచి బ్రనో 602 వచ్చింది, పొడుగు యాక్షన్, నిజాయితీ ధర. పేదవాడి మాగ్నం ఇంకోటి ఉంది. మొదటి యుద్ధంలో బ్రిటిషువాళ్లు అమెరికాలో చేయించిన పి-14 ఎన్‌ఫీల్డ్, దాని అమెరికా తమ్ముడు ఎం-1917. వీటిని మొదట రూపొందించింది ఒక బలమైన కొత్త తూటా కోసం. అది సైన్యంలోకి రాలేదు. యాక్షన్ మాత్రం పెద్దదిగా, బరువుగా, మౌజర్ లాంటి గోరుతో మిగిలిపోయింది. యుద్ధం అయ్యాక ఇవి చవగ్గా దొరికాయి. వెనుక దృష్టి చూసుకునే పెద్ద ఇనుప చెవులు రెండూ ఆకురాయితో అరగదీసి, .375 గొట్టం బిగిస్తే రైఫిలు సిద్ధం. చూడ్డానికి ఎద్దులా ఉంటుంది, పని కూడా ఎద్దులానే చేస్తుంది. మీ ఇంట్లో నల్లబడ్డ మొద్దు రైఫిలు ఇదైనా కావచ్చు.

అమెరికాలో వించెస్టర్ 1936లో మోడల్ 70 తెచ్చింది. మౌజర్ గోరును అట్లాగే ఉంచి, సేఫ్టీనీ ట్రిగ్గరునూ వేటగాడికి అనువుగా మార్చింది. పెద్ద కంపెనీ ఫ్యాక్టరీలో చేసిన రైఫిల్లో ఇంతకంటే తెలివైన ఎంపిక లేదని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. 1964లో ఖర్చు తగ్గించడానికి ఆ గోరు తీసేసి నెట్టుడు పద్ధతి పెట్టింది. కొనేవాళ్లు ఎంత గొడవ చేశారంటే, 64కు ముందుది, 64 తరువాతది అని రైఫిలుకే వయసు కట్టి ధర చెప్పే ఆచారం వచ్చింది. చివరికి కంపెనీయే మళ్లీ గోరు పెట్టింది.

మన తెలుగు అడవుల్లో నరభక్షకులను వేటాడి, పుస్తకాలు రాసి పేరు పొందినవాడు కెన్నెత్ ఆండర్సన్. 1910లో సికింద్రాబాదు పక్కన బొల్లారంలో పుట్టాడు. బెంగుళూరులో బతికి అక్కడే 1974లో పోయాడు. చిత్తూరు వైపు చామల లోయ, రేణిగుంట దగ్గర మామండూరు, నల్లమలలో దిగువమెట్ట, ఇవన్నీ ఆయన కథల్లో వస్తాయి. గుంతకల్లు డివిజన్లో పని చేసినవాళ్లకు ఈ పేర్లు టైంటేబులు చదివినట్టే ఉంటాయి. గాజులపల్లె, చెలమ, బొగడ, దిగువమెట్ట, గిద్దలూరు. మీటర్ గేజి రోజుల్లో ఆ ఘాట్ సెక్షన్లో రాత్రి డ్యూటీ అంటే లాంతరు ఒక చేత, ప్రాణం ఒక చేత.

ఆయన చేతిలో ఉన్నది మౌజర్ కాదు. 1895 మోడల్ వించెస్టర్, .405 తూటా. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన లివర్ రైఫిలు. ట్రిగ్గరు కింది మీటను కిందికి తోసి పైకి లాగితే తూటా మారుతుంది. అమెరికా అధ్యక్షుడుగా దిగిపోయిన రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికాకు ఇదే తీసుకుపోయి సింహాలకు మంచి మందు అన్నాడు. బోల్టు కంటే వేగం. భుజం నుంచి దించకుండా రెండోది పేల్చవచ్చు. కానీ ఉబ్బి అతుక్కున్న తొడుగును సడలించే బలం మీటకు బోల్టు అంత ఉండదు. మరి ఆండర్సన్ దీన్నెందుకు పట్టుకున్నాడు? రాజా కాదు, లండన్‌కు ఆర్డరిచ్చే స్తోమత గల ఉద్యోగమూ కాదు. దొరికినదాన్ని ఏళ్ల తరబడి వాడి, అది చేతిలో వేలు అయ్యేదాకా అలవాటు పడ్డాడు. యాక్షన్ గురించి ఇంత రాసిన తరువాత కూడా మేము ఒప్పుకోవాల్సింది ఇదే. అలవాటైన చేతిలో రెండో రకం యంత్రం, కొత్త చేతిలోని మొదటి రకంకన్నా మేలు.

స్వాతంత్ర్యం తరువాత మామూలు లైసెన్సుదారుకు దక్కింది .315. బెంగాల్లో ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో చేసింది. దాని యాక్షన్ మన సైన్యం వాడిన లీ ఎన్‌ఫీల్డే. కానీ సైన్యపు .303 తూటా సామాన్యుడికి నిషేధం. కాబట్టి పాత ఆస్ట్రియా 8 మిల్లీమీటర్ల తూటాకు గొట్టం మార్చారు. 1907లో జరిగిన పనే మళ్లీ. లీ ఎన్‌ఫీల్డ్ బోల్టు చెవులు మొన దగ్గర కాదు, వెనుక ఉంటాయి. మహా బలమైన తూటాలకు పనికి రాదు. కానీ బోల్టు నూనె రాసినట్టు జారుతుంది. మన వైపు ఇళ్లలో ఉన్నవాటిలో ఎక్కువ ఇదే అయి ఉంటుంది. దీని మీద మాగ్నం గొట్టం కట్టించాలని ఎవరైనా సలహా ఇస్తే వాళ్లకు కాఫీ ఇచ్చి పంపేయండి. అసలు ఇప్పుడు లైసెన్సు లేని చేతితో గొట్టం మార్చడం, తుపాకీ కట్టడం చట్టప్రకారం నేరం.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, ఏడాదికే పులుల ప్రాజెక్టు. పెద్ద వేట అక్కడితో సరి. సండూరు ఘోర్పడే వంశంలో పుట్టి, మన రాష్ట్రానికి ఆర్థిక మంత్రిగా చేసిన ఎం.వై. ఘోర్పడే అడవికి కెమెరా పట్టుకొని పోయాడు, ఫొటోలకు దేశదేశాల్లో పేరు వచ్చింది. దరోజీ ఎలుగుబంట్ల అభయారణ్యం 1994లో ఏర్పడింది. సాయంత్రం రాళ్ల మీదికి దిగే ఎలుగులను మన పిల్లలు బైనాక్యులర్‌తో చూస్తున్నారు. మంచిదే.

ఇళ్లలో మిగిలిన రైఫిళ్లను మాత్రం తెలిసి చూడండి. చూసేది లైసెన్సుదారే, ఖాళీ అని రెండుసార్లు చూసుకున్నాకే. బోల్టు తెరిచి కుడిపక్క చూడండి. అరచేతి పొడవు గోరు ఒకటి బోల్టును ఆనుకొని ఉంటే అది మౌజర్ వంశం. రిసీవరు మీదో పక్కనో ఓబర్న్‌డార్ఫ్ అన్న ముద్ర కోసం వెదకండి. గొట్టం మీద లండన్ కంపెనీ పేరు, ట్రాపికల్ అన్న మాట ఉందేమో చూడండి. తూటా పెట్టె 84 మిల్లీమీటర్లకంటే బాగా పొడుగుగా, కోత గుర్తులు లేకుండా ఉంటే అది మాగ్నం యాక్షన్ కావచ్చు. అటువంటిదాన్ని తూకానికి ఇనుముగా పోనివ్వకండి. జమ చేసే ముందు లైసెన్సున్న డీలరుతో రాతపూర్వకంగా వివరం రాయించుకోండి. తాత పేరు మీద ఉండిపోయిన లైసెన్సును వారసుల పేరుకు మార్పించుకోవడం కూడా వాయిదా వెయ్యకండి, ఆ ఆలస్యం వల్లనే మంచి రైఫిళ్లు ఠాణా మూలలో తుప్పు పడుతున్నాయి.

ఎన్నికలప్పుడు తుపాకులు జమ చేయిస్తారు గదా. తిరిగి తెచ్చుకునేటప్పుడు కొయ్య మీద గీతలు పడ్డాయా అని మాత్రమే చూసి సంతకం పెట్టకండి. బోల్టు మీద ఒక నంబరు ఉంటుంది, రిసీవరు మీద ఒక నంబరు. పాత మౌజర్లలో రెండూ ఒకటే ఉండాలి, లేదా చివరి అంకెలైనా కలవాలి. పదిమంది రైఫిళ్లు ఒకే గదిలో ఉన్నప్పుడు బోల్టులు విడిగా పెడితే మారిపోయే ప్రమాదం ఉంది. ఒకదాని బోల్టు ఇంకోదానిలో పట్టినట్టే పడుతుంది. కానీ తూటా వెనుక ఉండాల్సిన బిగువు తప్పుతుంది, పేలినప్పుడు ఇత్తడి వెనక్కి చీలవచ్చు. నంబర్లు కలవకపోతే అక్కడే, ఠాణాలోనే, రిజిస్టరులో రాయించి బయటికి రండి.